సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా రైల్లో వీడియో కాల్ ఎందుకు ఆగిపోతుంది? హ్యాండోవర్ నిజంగా ఎలా జరుగుతుంది?

ప్రశ్న: ఈసీఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో వస్తాను. ఫోన్‌లో నాలుగు గీతలు కనిపిస్తున్నా వీడియో కాల్ మధ్యలో ఆగిపోతుంది. కొన్నిచోట్ల మామూలు కాల్ కూడా తెగిపోతుంది. సిలబస్‌లో మొబైల్ ఐపీ, హోమ్ ఏజెంట్, కేరాఫ్ అడ్రస్ అని చదివాం. నిజం నెట్‌వర్క్‌లో జరిగేది అదేనా? మొబిలిటీ మేనేజ్‌మెంట్ మీద ప్రాజెక్టు చేయాలంటే ఏం ఎంచుకోవాలి?

సమాధానం:

నేను చాలా ఏళ్లుగా రేడియో ఆప్టిమైజేషన్ పనిలో ఉన్నాను. రోడ్ల మీద, రైలు మార్గాల మీద తీసిన డ్రైవ్ టెస్ట్ లాగ్‌లు ముందేసుకుని, కాల్ ఎక్కడ తెగింది, ఎందుకు తెగింది అని వెతకడమే ఈ పనిలో ఎక్కువ భాగం. మీరు అడిగిన మూడింటిలో మొదటిదానికే ఎక్కువ చోటిస్తాను. అది పట్టుబడితే ప్రాజెక్టుకు ఏం తీసుకోవాలో మీకే తడుతుంది.

ఫోన్‌లో గీతలు చూపించేది సిగ్నల్ బలాన్ని. కాల్ నిలబడేది సిగ్నల్ నాణ్యత మీద. ఒక సెల్ (టవర్ యాంటెన్నా ఒకటి కవర్ చేసే ప్రాంతం) నుంచి ఇంకో సెల్‌లోకి రైలు వెళ్లేటప్పుడు బలం నిండుగా ఉండి, నాణ్యత అడుగంటిపోయే కొన్ని సెకన్లు ఉంటాయి. మీ కాల్ తెగేది ఆ సెకన్లలోనే. కవరేజీ లేకపోవడం కంటే, సెల్ మార్చే (హ్యాండోవర్) నిర్ణయం ఆలస్యం కావడం వల్ల తెగే కాల్స్ రైలు మార్గాల్లో చాలా ఉంటాయని నా అనుభవం.

ఇది లెక్కతో చూస్తేనే నమ్మకం కుదురుతుంది. పట్టాల పక్కన రెండు టవర్లు, మధ్య దూరం 2 కిలోమీటర్లు అనుకుందాం. రైలు వేగం గంటకు 110 కిలోమీటర్లు, అంటే సెకనుకు సుమారు 30.6 మీటర్లు. రెండు టవర్లకు సరిగ్గా మధ్యలో ఇద్దరి సిగ్నల్ సమానం. అక్కడే సెల్ మారిపోతే గొడవే లేదు. కానీ నెట్‌వర్క్ అక్కడ మార్చదు. 4జీలో ఎక్కువగా వాడేది ఏ3 ఈవెంట్. పక్క సెల్ సిగ్నల్, ఇప్పుడున్న సెల్ కంటే ఇంత ఎక్కువ ఉండాలి, అదీ ఇంతసేపు వరసగా ఉండాలి, అప్పుడే ఫోన్ రిపోర్ట్ పంపాలి అనేది నియమం. 'ఇంత ఎక్కువ' అన్నదాంట్లో ఆఫ్‌సెట్ (కావాలని పెట్టిన తేడా), హిస్టరిసిస్ (ఊగిసలాట ఆపే అదనపు తేడా) రెండూ కలుస్తాయి. 'ఇంతసేపు' అన్నది టైమ్ టు ట్రిగ్గర్.

ఆఫ్‌సెట్ 3 డీబీ (డెసిబెల్, రెండు సిగ్నళ్ల బలం తేడాను చెప్పే కొలత), హిస్టరిసిస్ 2 డీబీ పెట్టారనుకోండి. మొత్తం 5 డీబీ తేడా రావాలి. దూరంతో పాటు సిగ్నల్ తగ్గే తీరుకు 3.5 అనే ఘాతాంకం తీసుకుని లెక్కేస్తే, ఆ తేడా వచ్చేది మధ్య బిందువు దాటి 163 మీటర్లు వెళ్లాక. రైలుకు అంత దూరం పోవడానికి 5.3 సెకన్లు పడుతుంది. టైమ్ టు ట్రిగ్గర్ 320 మిల్లీసెకన్లా, 480 మిల్లీసెకన్లా అని అందరూ చర్చించుకుంటారు గానీ, అసలు ఆలస్యం దాంట్లో లేదు. డీబీల్లో పెట్టిన మార్జిన్ సెకన్లుగా మారి కూర్చుంటుంది. రైలు మార్గాల విషయంలో నేను అందరికీ మొదట చెప్పేది ఇదే.

ఇంకా ఉంది. ఫోన్ పక్క సెల్‌ను కొలవడానికి ఒక్కో శాంపిల్‌కు 200 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. ఆ శాంపిళ్లు నేరుగా వాడదు, లేయర్ 3 ఫిల్టర్ వేసి పాత విలువతో కలుపుతుంది. ఫిల్టర్ కోఎఫిషియెంట్ 4 అయితే కొత్త శాంపిల్‌కు సగం, పాత విలువకు సగం బరువు. అంటే నిజంగా వచ్చిన మార్పులో 87 శాతం ఫోన్‌కు కనిపించాలన్నా మూడు శాంపిళ్లు కావాలి. దాని మీద టైమ్ టు ట్రిగ్గర్. ఆ తర్వాత రిపోర్ట్ పైకి వెళ్లాలి, ఈనోడ్‌బీ (4జీ టవర్ స్టేషన్) పక్క ఈనోడ్‌బీని ఎక్స్2 లింక్ (టవర్ల మధ్య ఉండే లింక్) మీద అడగాలి, అది చోటు ఉందని చెప్పాలి, అప్పుడు హ్యాండోవర్ కమాండ్ ఫోన్‌కు రావాలి. ఇవన్నీ కలిపి ఇంకో సెకను వేసుకోండి. రైలు ఇంకో 30 మీటర్లు ముందుకు పోయింది. ఇప్పుడు పక్క సెల్ దాదాపు 6 డీబీ ఎక్కువ బలంగా ఉంది.

ఇక్కడే అసలు చిక్కు. 4జీలో పక్క సెల్ కూడా అదే ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుంది. ఫోన్ ఇంకా పాత సెల్‌తోనే మాట్లాడుతోంది కాబట్టి, 6 డీబీ బలంగా ఉన్న కొత్త సెల్ దానికి పూర్తిగా ఇంటర్‌ఫెరెన్స్. ఆ సెల్ నిండుగా పనిచేస్తుంటే మీ ఎస్‌ఐఎన్‌ఆర్ (ఇంటర్‌ఫెరెన్స్, నాయిస్‌లతో పోల్చిన సిగ్నల్ బలం) మైనస్ 6 డీబీ దగ్గరికి పడిపోతుంది. లింక్ పోయింది అని ఫోన్ అనుమానించడం మొదలుపెట్టేది సాధారణంగా మైనస్ 8 డీబీ దగ్గర. అంటే చేతిలో మిగిలింది 2 డీబీ. ఒక వంతెన గర్డరో, ఎదురుగా వచ్చిన గూడ్స్ రైలో అడ్డుపడితే ఆ 2 డీబీ చిటికెలో పోతుంది. ఇంత జరుగుతున్నా పాత సెల్ బలం మైనస్ 90 డీబీఎం ఉంటే గీతలు నాలుగూ వెలుగుతూనే ఉంటాయి. ఆండ్రాయిడ్ మామూలు సెట్టింగ్‌లో 4జీకి మైనస్ 98 డీబీఎం దాటితే నాలుగు గీతలు వచ్చేస్తాయి. మీరు చూసినది సరిగ్గా ఇదే.

లింక్ చెడితే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. వరసగా కొన్నిసార్లు సింక్ తప్పితే టీ310 టైమర్ మొదలవుతుంది. అది 1000 మిల్లీసెకన్లు పెట్టి ఉంటే, ఆ సెకను పాటు ఫోన్ చచ్చిపోయిన లింక్‌ను పట్టుకుని కోలుకుంటుందేమో అని చూస్తుంది. ఆ తర్వాత రేడియో లింక్ ఫెయిల్యూర్ ప్రకటించి, దొరికిన మంచి సెల్‌లో రీఎస్టాబ్లిష్‌మెంట్ (కనెక్షన్ పునరుద్ధరణ) అడుగుతుంది. ఆ సెల్ దగ్గర మీ ఫోన్ వివరాలు ముందే ఉంటే సర్దుకుంటుంది. లేకపోతే కనెక్షన్ మళ్లీ మొదటి నుంచి. సక్రమంగా జరిగిన హ్యాండోవర్‌లో డేటా ఆగేది సుమారు 50 మిల్లీసెకన్లు. మాట్లాడేవాళ్లకు అది తెలియను కూడా తెలియదు. ఇలా ఫెయిలై లేచినప్పుడు మాత్రం ఒకటి నుంచి మూడు, నాలుగు సెకన్లు.

మరి మార్జిన్ తగ్గించేస్తే సరిపోదా అని మీరు అడుగుతారు. తగ్గిస్తే ఇంకో సమస్య. అదే సెల్ భువనగిరిలో ఇంట్లో కూర్చున్న మనిషికీ పనిచేస్తోంది. రెండు సెల్స్ హద్దులో ఉన్న ఆ ఇంట్లో సిగ్నల్ కాసేపు ఇటు, కాసేపు అటు ఒక డీబీ ఊగుతుంది. మార్జిన్ లేకపోతే ఆ ఫోన్ రోజంతా రెండు సెల్స్ మధ్య పింగ్‌పాంగ్ ఆడుతుంది. మారిన ప్రతిసారీ సిగ్నలింగ్, ప్రతిసారీ చిన్న అంతరాయం, బ్యాటరీ ఖర్చు. ఇంట్లో ఉన్నవాళ్ల కోసం పెట్టిన విలువ రైల్లో ఉన్నవాళ్లను దెబ్బతీస్తుంది, రైలు కోసం పెట్టినది ఇంట్లోవాళ్లను దెబ్బతీస్తుంది. టెలికాం సర్కిల్ (ఆపరేటర్ లైసెన్స్ ప్రాంతం) మొత్తానికి ఒకే పారామీటర్ సెట్ వేసి వదిలేయడం నాకు అస్సలు నచ్చని పద్ధతి. పని తేలిక అవుతుంది, నిజమే. కానీ ఆ తేలిక ధర కట్టేది ప్రయాణికులు.

వేగాన్ని బట్టి మార్చుకునే ఏర్పాటు 4జీ స్టాండర్డ్‌లోనే ఉంది. కొంత సమయంలో ఎన్ని సెల్స్ మారాడో ఫోన్ లెక్కపెట్టి, వేగంగా వెళ్తున్నానని తేలితే టైమ్ టు ట్రిగ్గర్‌ను 0.25, 0.5, 0.75 లాంటి గుణకంతో తగ్గించుకుంటుంది. చదవడానికి బాగుంటుంది. కానీ సెల్ సైజు ఊళ్లో ఒకలా, పొలాల మధ్య ఒకలా ఉంటే ఆ లెక్క దారి తప్పుతుంది. పైగా అసలు ఆలస్యం డీబీల్లో ఉన్నప్పుడు టైమర్ తగ్గించి సాధించేది తక్కువ.

నేను ఎక్కువగా నమ్మేది సెల్ ఇండివిడ్యువల్ ఆఫ్‌సెట్‌ను. ఇది సెల్ జత జతకూ విడిగా పెట్టుకోవచ్చు, మైనస్ 24 నుంచి ప్లస్ 24 డీబీ దాకా. పట్టాల వెంట వరసగా ఉన్న సెల్స్ జతలకు మాత్రమే ప్లస్ 3 డీబీ ఇచ్చామనుకోండి. కావలసిన తేడా 5 నుంచి 2 డీబీకి దిగుతుంది. పై లెక్కలోనే చూస్తే మధ్య బిందువు దాటాక 66 మీటర్లకే, అంటే 2.1 సెకన్లకే షరతు నెరవేరుతుంది. మూడు సెకన్లకు పైగా మిగిలింది, కొత్త టవర్ ఒక్కటి కూడా వేయకుండా. ఊళ్లోకి చూసే మిగతా సెక్టార్లకు పాత విలువలే ఉంటాయి కాబట్టి ఇళ్లలో ఉన్నవాళ్లకు పెద్దగా తేడా రాదు. జత జతకూ లాగ్ చూసి పెట్టాలి కాబట్టి ఓపిక కావాలి, అంతే.

అప్‌లింక్ సంగతి కూడా గుర్తుంచుకోండి. టవర్ పదుల వాట్లతో ప్రసారం చేస్తుంది. మీ ఫోన్ గరిష్ఠంగా 23 డీబీఎం, అంటే 200 మిల్లీవాట్లు. రైలు పెట్టె లోహపు డబ్బా, ఏసీ కోచ్ అద్దం కూడా సిగ్నల్‌ను మింగుతుంది. గీతలు చెప్పేది టవర్ నుంచి వచ్చే సిగ్నల్ గురించే. మెజర్‌మెంట్ రిపోర్ట్ వెళ్లాల్సింది పైకి. ఆ రిపోర్టే చేరకపోతే నెట్‌వర్క్‌కు మీరు కష్టంలో ఉన్నారనే తెలియదు.

దీనివల్ల ఒక పెద్ద అన్యాయం జరుగుతుంది. ఆపరేటర్ల రిపోర్టుల్లో హ్యాండోవర్ సక్సెస్ రేటు అని ఒక అంకె ఉంటుంది. సాధారణంగా అందులో 'ప్రయత్నం' లెక్కలోకి వచ్చేది నెట్‌వర్క్ హ్యాండోవర్ మొదలుపెట్టాకే. రిపోర్ట్ చేరక, కమాండ్ రాకముందే లింక్ తెగితే అది హ్యాండోవర్ వైఫల్యంగా ఎక్కడా కనపడదు. రీఎస్టాబ్లిష్‌మెంట్ కౌంటర్లో ఇంకో మూల చేరుతుంది. అందుకే సక్సెస్ రేటు 99 శాతం పైన ఉన్న సెల్ మీద కూడా ప్రయాణికులు రోజూ తిట్టుకుంటూ ఉంటారు. రైలు మార్గం పక్క సెల్ గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు కౌంటర్లూ పక్కపక్కన పెట్టకుండా ఎవరూ తీర్పు చెప్పకూడదని నేను గట్టిగా అనుకుంటాను. 3జీపీపీ (మొబైల్ ప్రమాణాలు రాసే సంస్థ) రిలీజ్ 9 నుంచి మొబిలిటీ రోబస్ట్‌నెస్ ఆప్టిమైజేషన్ అనే ఏర్పాటు ఉంది. ఫెయిలైన ఫోన్ తర్వాత ఎక్కడ లేచిందో చూసి, ఇది ఆలస్యంగా జరిగిన హ్యాండోవరా, తొందరపడినదా, తప్పు సెల్‌కు పంపినదా అని విడగొట్టి, విలువలు సర్దుతుంది. వాడే చోట మంచి ఫలితం ఇస్తుంది.

ఆలస్యం కాకుండా కాల్ తెగే కారణాల్లో నాకు తరచూ ఎదురయ్యేది నైబర్ లేకపోవడం, అంటే ఒక సెల్ జాబితాలో పక్క సెల్ నమోదు కాకపోవడం. కొత్త సైట్ ఆన్ చేశారు, పక్క సెల్‌తో నైబర్ సంబంధం సరిగా పడలేదు. ఫోన్ ఆ సెల్ బాగుందని రిపోర్ట్ పంపుతూనే ఉంటుంది, నెట్‌వర్క్ కదలదు. ఇంకొకటి పీసీఐ గందరగోళం. 4జీలో ఫిజికల్ సెల్ ఐడీలు 504 మాత్రమే, 5జీలో 1008. ఒకే నంబర్ ఉన్న రెండు సెల్స్ ఒకే సెల్‌కు పొరుగున పడితే, హ్యాండోవర్ తయారీ ఒక చోట జరుగుతుంది, ఫోన్ వెళ్లేది ఇంకో చోటికి. గుట్ట మీద ఎత్తుగా కట్టిన సైట్ చాలా దూరం కొట్టే చోట ఇది బాగా వస్తుంది.

బ్యాండ్ల విషయం క్లుప్తంగా చెబుతాను. జియో 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌లలో, ఎయిర్‌టెల్ 900, 1800, 2100, 2300లలో 4జీ నడుపుతున్నాయి. తక్కువ బ్యాండ్ దూరం వెళ్తుంది, ఎక్కువ బ్యాండ్ స్పీడ్ ఇస్తుంది. ఇంకో బ్యాండ్‌ను కొలవాలంటే ఫోన్ ప్రతి 40 లేదా 80 మిల్లీసెకన్లకు 6 మిల్లీసెకన్ల విరామం తీసుకోవాలి, కాబట్టి బ్యాండ్ మారే హ్యాండోవర్ ఇంకా నెమ్మది. వేగంగా పోయేవాళ్లను తక్కువ బ్యాండ్ మీదే కుదురుగా ఉంచడం మేలు. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి 4జీ, 5జీ రెండూ పోతే కాల్‌కు పడిపోయే మెట్టు ఉండదు. 2జీ ఉన్న ఆపరేటర్లలో ఎస్ఆర్‌వీసీసీ పద్ధతిలో వోల్టీ (4జీ మీద నడిచే) కాల్‌ను 2జీకి దింపుకోవచ్చు.

5జీ వచ్చాక రైల్లో పరిస్థితి ఒక రకంగా చిక్కుబడింది. 2022 అక్టోబర్‌లో మన దేశంలో 5జీ మొదలైనప్పుడు ఎయిర్‌టెల్ నాన్ స్టాండలోన్ దారి పట్టింది, జియో స్టాండలోన్ ఎంచుకుంది. నాన్ స్టాండలోన్‌లో ఫోన్ 4జీ సెల్‌ను ఆధారంగా పట్టుకుని, పక్కన 5జీ సెల్‌ను జోడించుకుంటుంది. కదులుతున్నప్పుడు 4జీ మార్పు ఒకటి, 5జీ మార్పు ఇంకొకటి. 3300 మెగాహెర్ట్జ్ పైన ఉన్న 5జీ సెల్ తక్కువ దూరమే వస్తుంది కాబట్టి పట్టాల వెంట అది తగులుతూ, ఊడుతూ ఉంటుంది. వీడియో కాల్ ముఖ్యమైన రోజు ఫోన్‌ను 4జీకే కట్టేసుకుని ప్రయాణించండి. స్పీడ్ తగ్గినా నిలకడ ఉంటుంది.

అయితే పైన చెప్పిన చిక్కుకు సరైన మందు కూడా 5జీలోనే ఉంది. రిలీజ్ 16లో వచ్చిన కండిషనల్ హ్యాండోవర్ అది. పాత సెల్‌తో లింక్ ఇంకా బాగున్నప్పుడే నెట్‌వర్క్ ఒకటి రెండు సెల్స్‌లో చోటు సిద్ధం చేసి, ఫలానా షరతు నెరవేరగానే ఫలానా సెల్‌కు వెళ్లిపో అని ఫోన్‌కు ముందే చెప్పి ఉంచుతుంది. మైనస్ 6 డీబీలో కొట్టుమిట్టాడుతూ కమాండ్ కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. అదే రిలీజ్‌లో డాప్స్ అనే పద్ధతి వచ్చింది. కొత్త సెల్ చేతికి అందేదాకా పాతదాన్ని వదలకుండా రెండింటితో మాట్లాడుతుంది. రిలీజ్ 18లో సెల్ మార్పును కింది లేయర్ల సిగ్నలింగ్‌తోనే చేసే ఎల్‌టీఎం వచ్చింది. నా ఓటు కండిషనల్ హ్యాండోవర్‌కే, ఎందుకంటే తెగే కారణం మీద నేరుగా దెబ్బ కొట్టేది అదే.

డాప్లర్ (కదలిక వల్ల ఫ్రీక్వెన్సీ జరగడం) గురించి కూడా ఒక మాట, ప్రాజెక్టు రివ్యూల్లో దీని మీద బోలెడు సమయం పోతుంది కాబట్టి. 110 కిలోమీటర్ల వేగంలో 2300 మెగాహెర్ట్జ్ మీద డాప్లర్ సుమారు 234 హెర్ట్జ్. 4జీలో డేటా మోసే సబ్‌క్యారియర్ల (చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కల) మధ్య దూరం 15 కిలోహెర్ట్జ్. రెండు శాతం కూడా కాదు. మన రైళ్ల వేగంలో దోషి డాప్లర్ కాదు. గంటకు 300 కిలోమీటర్లు దాటే చైనా హైస్పీడ్ మార్గాల్లో అది లెక్కలోకి వస్తుంది. అక్కడ పట్టాల వెంట అనేక రేడియో యూనిట్లను ఒకే సెల్‌గా కలిపి, హ్యాండోవర్ల సంఖ్యనే తగ్గించేస్తారు.

ఇప్పటిదాకా చెప్పింది కాల్ నడుస్తున్నప్పటి సంగతి. ఫోన్ జేబులో ఊరికే ఉన్నప్పుడు కథ వేరు. అప్పుడు సెల్ ఎంచుకునేది ఫోనే, నెట్‌వర్క్ కాదు. నెట్‌వర్క్‌కు మీరు ఏ సెల్‌లో ఉన్నారో తెలియదు, ఏ ట్రాకింగ్ ఏరియా (కొన్ని సెల్స్ గుంపు) జాబితాలో ఉన్నారో మాత్రమే తెలుసు. కాల్ వస్తే ఆ ఏరియా సెల్స్ అన్నింటిలో ఊరంతా దండోరా వేసినట్టు పేజింగ్ పంపుతుంది. ఏరియా పెద్దదైతే దండోరా ఖర్చు ఎక్కువ. చిన్నదైతే హద్దు దాటిన ప్రతిసారీ ఫోన్ అప్‌డేట్ పంపాలి. కదలకుండా ఉన్నా నేను ఇక్కడే ఉన్నానని అప్పుడప్పుడు చెప్పాలి, 4జీలో దాని డిఫాల్ట్ గడువు 54 నిమిషాలు.

రైలుకు వచ్చేసరికి ఇక్కడ ఒక ప్రత్యేక బెడద ఉంది. వెయ్యిమందికి పైగా జనం ఉన్న రైలు ట్రాకింగ్ ఏరియా హద్దు దాటితే, ఆ ఫోన్లన్నీ కొద్ది సెకన్లలో ఒకే సెల్ తలుపు తడతాయి. ఒక సెల్‌లో ర్యాండమ్ యాక్సెస్ ప్రియాంబుల్స్ (ఫోన్ సెల్‌ను మొదట పలకరించే సంకేతాలు) 64. అందులో కొన్ని హ్యాండోవర్ కోసం విడిగా తీసిపెడతారు. మిగిలిన వాటి కోసం పోటీ, ఢీకొనడాలు, మళ్లీ ప్రయత్నాలు. అదే సమయంలో మీ వీడియో కాల్ ఆ సెల్‌లోకి రావాలనుకుంటే ఇరుకే. రైలు మార్గాన్ని అడ్డంగా కోసేలా, అదీ పెద్ద స్టేషన్ దగ్గర, ఏరియా హద్దు గీయకూడదు. తప్పనిసరి అయితే వేర్వేరు ఫోన్లకు వేర్వేరు ఏరియా జాబితాలు ఇచ్చి, అందరూ ఒకే చోట అప్‌డేట్ పంపకుండా చూడవచ్చు.

మీ దారిలో ఒక ఇబ్బంది లేదు, సర్కిల్ మార్పు. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసినదే. అదే 44వ నంబర్ జాతీయ రహదారి మీద బెంగళూరు వెళ్తూ కొడికొండ చెక్‌పోస్టు దాటి బాగేపల్లి వైపు పోతే కర్ణాటక సర్కిల్. మన దేశంలో ఒకే ఆపరేటర్‌కు కూడా సర్కిల్‌కో నెట్‌వర్క్ కోడ్ ఉంటుంది. రెండు వైపులా ఒకరినొకరు సమానమైన నెట్‌వర్క్‌గా, నైబర్లుగా గుర్తించేలా పెట్టుకోకపోతే అక్కడ నడుస్తున్న కాల్ తెగుతుంది.

మొబైల్ ఐపీ ప్రశ్నకు వద్దాం. మీరు చదివిన సిద్ధాంతం తప్పు కాదు. 1996లో ఆర్ఎఫ్‌సీ 2002 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన మొబైల్ ఐపీ అడిగిన ప్రశ్న నేటికీ అదే: మనిషి చోటు మారితే ఐపీ అడ్రస్ మారకుండా ప్యాకెట్లు ఎలా చేరాలి? జవాబు కూడా అదే: ఒక చోట లంగరు వేసి, అక్కడి నుంచి టనెల్‌లో ప్యాకెట్లు పంపాలి. అయితే ఆ టనెల్ ఎవరు నిర్వహించాలి అన్నదాంట్లో ఆచరణ వేరే దారి పట్టింది. మొబైల్ ఐపీలో ఫోనే తన కేరాఫ్ అడ్రస్‌ను (ఇప్పుడున్న చోటి అడ్రస్) హోమ్ ఏజెంట్‌కు (సొంత నెట్‌వర్క్‌లో లంగరుగా ఉండే రూటర్) చెప్పుకోవాలి. 4జీ, 5జీలలో ఫోన్‌కు ఆ బాధ్యతే లేదు. మీ ఐపీ అడ్రస్‌కు లంగరు 4జీలో పీజీడబ్ల్యూ, 5జీలో యూపీఎఫ్ అనే గేట్‌వే. అది హైదరాబాద్‌లో ఉందనుకుంటే, మీరు కాజీపేటలో ఉన్నా ఘట్‌కేసర్‌లో ఉన్నా ఇంటర్నెట్‌కు కనిపించే చివర హైదరాబాదే. మీరు సెల్ మారినప్పుడు నెట్‌వర్క్ తనలో తాను జీటీపీ టనెల్ (మొబైల్ నెట్‌వర్క్ లోపల ప్యాకెట్లు వెళ్లే దారి) కొసను పాత టవర్ నుంచి కొత్త టవర్‌కు తిప్పుతుంది. తిప్పే ఆ కొద్దిసేపు పాత టవర్‌కు వచ్చిపడిన ప్యాకెట్లను ఎక్స్2 లింక్ మీద కొత్త టవర్‌కు పంపేస్తుంది. ఫోన్‌కు తన ఐపీ మారలేదనే తెలుసు, మిగతాది తెలియదు.

ఫోన్‌కు పని లేకుండా నెట్‌వర్కే చూసుకునే ఈ ఆలోచనను ఐఈటీఎఫ్ (ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ) కూడా 2008లో ప్రాక్సీ మొబైల్ ఐపీవీ6గా తెచ్చింది. 4జీ స్పెసిఫికేషన్లో దానికీ చోటు ఉంది, కానీ ఆచరణలో గెలిచింది జీటీపీ. పాత పుస్తకాల్లో కనిపించే మొబైల్ వైమాక్స్ అనే వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్ ప్రమాణం, అంటే 802.16ఈ, మొబైల్ ఐపీని నేరుగా వాడుకుంది. మన దేశంలో 2010లో బ్రాడ్‌బ్యాండ్ వైర్‌లెస్ పేరుతో వేలం వేసిన 2300 మెగాహెర్ట్జ్ చివరికి టీడీ-ఎల్‌టీఈ అనే 4జీ రకానికి వెళ్లింది. ఎయిర్‌టెల్ 2012లో కోల్‌కతాలో మొదలుపెట్టిన 4జీ దాని మీదే. వైమాక్స్ అధ్యాయాన్ని ఆలోచనల కోసం చదవండి, ప్రాజెక్టు మాత్రం దాని మీద చేయకండి.

ఐపీ నిజంగా మారేది మీరు స్టేషన్ వైఫై వదిలి మొబైల్ డేటాకు వచ్చినప్పుడు. టీసీపీ (చేరని ప్యాకెట్లను మళ్లీ పంపే ప్రోటోకాల్) కనెక్షన్ రెండు వైపుల ఐపీ, పోర్టుల మీద కట్టి ఉంటుంది కాబట్టి అది పోతుంది. 2021లో ఆర్ఎఫ్‌సీ 9000గా వచ్చిన క్విక్ ప్రోటోకాల్ కనెక్షన్‌కు సొంత ఐడీ ఇచ్చింది, ఐపీ మారినా సంభాషణ కొనసాగించగలదు. వైఫై కాలింగ్‌లో కాల్ తెగకుండా వోల్టీకి మారగలగడానికి కారణం వేరు. అక్కడ వైఫై దారి కూడా ఈపీడీజీ (వైఫైని ఆపరేటర్ నెట్‌వర్క్‌కు కలిపే గేట్‌వే) గుండా అదే పీజీడబ్ల్యూకు చేరుతుంది, లంగరు మారదు.

టీసీపీ మీద రేడియో అంతరాయం ఎలా పెరుగుతుందో కూడా గమనించండి. మొదటి నిరీక్షణ 300 మిల్లీసెకన్లు అనుకుంటే, ప్రతిసారీ రెట్టింపు చేస్తూ 0.3, 0.9, 2.1, 4.5 సెకన్ల దగ్గర మళ్లీ పంపుతుంది. రేడియో 2.5 సెకన్లకు లేచినా టీసీపీ 4.5 దాకా నిద్రలోనే. వీడియో కాల్స్ ఎక్కువగా యూడీపీ (తనంతట తాను మళ్లీ పంపని ప్రోటోకాల్) మీద నడుస్తాయి, వాటికి ఈ బాధ లేదు. కానీ యాప్ నెట్ బాలేదనుకుని బిట్‌రేట్ తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచుతుంది. బొమ్మ మసకబారి ఆలస్యంగా తేరుకునేది అందుకే.

ఇక ప్రాజెక్టు. ఎన్ఎస్-3 సిమ్యులేటర్ ఎల్‌టీఈ (4జీ) మాడ్యూల్‌లో ఏ3 ఆర్ఎస్ఆర్‌పీ (సిగ్నల్ బలం కొలత) హ్యాండోవర్ అల్గోరిథం సిద్ధంగా ఉంది. రేడియో లింక్ ఫెయిల్యూర్ మోడల్ ఉన్న కొత్త వెర్షన్ తీసుకోండి. వరసగా ఎనిమిదో పదో సైట్లు పెట్టి, రెండు రకాల వినియోగదారులను ఒకేసారి నడపండి: పట్టాల మీద వేగంగా పోయేవాళ్లు, హద్దులో ఇళ్లలో కదలకుండా ఉన్నవాళ్లు. ఎక్కువమంది విద్యార్థులు ఒక రకాన్ని మాత్రమే పెట్టి, ఒక మంచి విలువ కనిపెట్టామంటారు. రెండు రకాలూ ఒకే సెల్‌లో ఉన్నప్పుడు రాజీ ఎక్కడ కుదురుతుందన్నదే అసలు ప్రశ్న. మొదట అందరికీ ఒకే ఆఫ్‌సెట్, తర్వాత పట్టాల జతలకు మాత్రమే విడి ఆఫ్‌సెట్ పెట్టి పోల్చండి. చేతనైతే మూడోదిగా కండిషనల్ హ్యాండోవర్‌ను మీరే రాసి చేర్చండి. కష్టమే, కానీ ఇంటర్వ్యూలో అరగంట మాట్లాడగలిగే విషయం అవుతుంది.

దానికి తోడు మీ రోజువారీ ప్రయాణమే మంచి ప్రయోగశాల. జీ-నెట్‌ట్రాక్, నెట్‌మాన్‌స్టర్ లాంటి ఆండ్రాయిడ్ యాప్‌లు సెల్ ఐడీ, పీసీఐ, ఆర్ఎస్ఆర్‌పీ, ఆర్ఎస్ఆర్‌క్యూ (సిగ్నల్ నాణ్యత కొలత), లొకేషన్ నమోదు చేస్తాయి. లోపలి ఆర్ఆర్‌సీ (ఫోన్, టవర్ మధ్య నియంత్రణ) మెసేజ్‌లు వాటిలో కనపడవు, వాటికి ఖరీదైన డ్రైవ్ టెస్ట్ టూల్స్ కావాలి. అయినా పక్కనే ఒక చిన్న సర్వర్‌కు సెకనుకు పదిసార్లు పింగ్ పంపుతూ పోతే, ఏ సెల్ మార్పు దగ్గర ఎన్ని మిల్లీసెకన్లు ఆగిందో మీకు దొరుకుతుంది. ఒకే పెట్టె, ఒకే కిటికీ పక్క సీటు, అదే ఫోన్, 4జీకి లాక్ చేసిన సెట్టింగ్‌తో తీయండి. లేకపోతే రోజుకో రకం డేటా వస్తుంది.

ఫలితాలు చూపించేటప్పుడు సగటు వేయకండి. వంద హ్యాండోవర్లలో 97 సార్లు 50 మిల్లీసెకన్లు ఆగి, 3 సార్లు మూడేసి సెకన్లు ఆగితే సగటు 140 మిల్లీసెకన్ల లోపే వస్తుంది, బాగానే ఉందనిపిస్తుంది. కాల్ చెడగొట్టేవి ఆ మూడే. అంతరాయాల విభజనను పూర్తిగా గీసి, ఒక సెకను దాటినవి ఏ సెల్ జతల మధ్య పడ్డాయో జనగామ, ఆలేరు, భువనగిరి, బీబీనగర్ గుర్తులతో మ్యాప్ మీద పెట్టండి. అదే జతల దగ్గర రోజూ పునరావృతం అవుతుంటే అది ఆఫ్‌సెట్ లేదా నైబర్ సమస్య. చోటు మారుతూ ఉంటే రద్దీని, అప్‌లింక్‌ను అనుమానించండి. ఆ మ్యాప్ తయారయ్యాక ఇక్కడ పెట్టండి, ఏ జతకు ఏం చేయొచ్చో కలిసి చూద్దాం.